పాత పట్టుచీర: కొలిమికా, కత్తెరకా?

"అంత మంచి చీరను కోయడానికి మీకు చేతులు ఎలా వచ్చాయండీ?"

పాత జరీ అంచులతో నేను కుట్టే చేతిసంచులు, పుస్తకాల అట్టలు, గోడకు వేలాడదీసే తెరలు చూసినవాళ్ళలో చాలామంది అడిగే ప్రశ్న ఇది. అడిగే తీరులోనే సగం తీర్పు ఉంటుంది. నేను కత్తెర పట్టకుండా ఉంటే ఆ చీర ఏ మ్యూజియం అద్దాల బీరువాలోనో భద్రంగా ఉండేదని, లేదా ఎవరి మనవరాలో పండగపూట కట్టుకుని మురిసిపోయేదని వాళ్ళ ఊహ. వినడానికి బాగుంటుంది. కానీ నా బల్ల మీదికి వచ్చే చీరల్లో చాలావాటికి ఆ రెండు దారులూ ఎప్పుడో మూసుకుపోయి ఉంటాయి. వాటికి మిగిలింది కొలిమి.

"పాత పట్టుచీరలు కొంటాం, జరీ చీరలు కొంటాం" అని కేక వేసుకుంటూ వీధుల్లో తిరిగేవాళ్ళను తెలుగు ఊళ్ళలో పెరిగినవాళ్ళు చూసే ఉంటారు. పట్టణాల్లో అదే మాట "కొనబడును" అనే బోర్డుగా మారి దుకాణం ముందు వేలాడుతుంది. ఆ కొనేవాళ్ళకు నెమలికంఠం రంగుతో పని లేదు, మామిడిపిందెల అంచుతో పని లేదు. జరీ దారాన్ని గోటితో గీకి చూస్తారు. అసలు జరీ అయితే లోపలి నుంచి ఎర్ర పట్టుపోగు బయటపడుతుంది. ఆ పోగు చుట్టూ చుట్టినది సన్నగా సాగదీసి చదును చేసిన వెండితీగ, దాని మీద పలచటి బంగారు పూత. లోపల రాగితీగ కనబడితే, లేదా మెరిసే ప్లాస్టిక్ పొర ఊడి వస్తే, చీరను మడిచి తిరిగి ఇచ్చేస్తారు. అసలుదైతే తూకం వేస్తారు. ఆ తర్వాత చీరను కాలుస్తారు, బూడిదను కరిగించి వెండి తీస్తారు. అంచుకు చీర మీద ఉన్న బంధం, కొంగు మీద నేతగాడు వేసిన హంసలు, పట్టుకు పట్టిన రంగు, అన్నీ కొద్ది నిమిషాల్లో పొగ. 2025లో వెండి కిలో లక్ష రూపాయలు దాటింది. ఆ పైన ఈ వ్యాపారానికి ఊపు రాకపోతేనే ఆశ్చర్యపోవాలి.

కాబట్టి నా మొదటి మాట ఇది: చిరిగిన పట్టుచీరను కోసినవాళ్ళను తిట్టేముందు, కోయకపోతే ఆ చీర ఎక్కడికి పోయేదో అడగండి. రెండో మాట, దీనితో కలిపి చెప్పకపోతే మొదటి మాట మోసమే అవుతుంది: ఈ వాదన పాత గుడ్డలన్నిటికీ వర్తించదు. "ఎలాగూ పోయేదే కదా" అన్న సాకుతో కోయకూడని వాటిని కోసి, వాటికి అందమైన పేర్లు పెట్టి అమ్మేవాళ్ళు పెరుగుతున్నారు. నన్ను నిందించేవాళ్ళతో నాకు ఎంత పేచీ ఉందో, నాలాగే కుట్టుపని చేస్తూ ఆ తేడా పట్టించుకోనివాళ్ళతో అంతకు మించి ఉంది.

ఈ గుడ్డలు దొరికే చోటు చూస్తే కొంత అర్థమవుతుంది. హైదరాబాద్‌లో బేగంబజారు, పురానాపూల్ వైపు గురువారం గురువారం జుమ్మేరాత్ బజార్ జరుగుతుంది. తాళంచెవి లేని ఇత్తడి తాళాలు, తాళం లేని చెవులు, ఫ్యాను మోటార్లు, తలుపు గడియలు, ఎవరివో పెళ్ళి ఫొటోలు, వాటి మధ్య టార్పాలిన్ మీద గుట్టగా బట్టలు. ఆ గుట్టలో చేయి పెడితే చాలావరకు తగిలేది నిన్నమొన్నటి సింథటిక్ సరుకే. అప్పుడప్పుడు హైదరాబాదీ పెళ్ళికూతుళ్ళు వేసుకునే ఖడా దుపట్టా ముక్క, కార్చోబీ అనే జరీతీగ కుట్టుపని ఊడిపోతున్న మఖ్మల్ గల్లా, ఎవరి పెట్టెలోంచో వచ్చిన హిమ్రూ (నూలూ పట్టూ కలిపి నేసిన పూలగుడ్డ) షేర్వాణీ చేయి దొరుకుతాయి. ఏది ఎత్తి చూపినా అమ్మేవాళ్ళు చెప్పే వయసు ఒకటే: "నిజాం కాలం నాటిది అమ్మా." ఆ లెక్కన నిజాములు పాలిస్టర్ కూడా కట్టారనుకోవాలి. వాళ్ళను తప్పుపట్టను. వయసు చెప్పమని పట్టుబట్టేది కొనేవాళ్ళే, వాళ్ళకు కావలసింది చెబుతారు. బేరం కుదిరాక, డబ్బు జేబులో పడ్డాక అడిగితే నిజం తేలిగ్గానే బయటికి వస్తుంది: ఫలానా పేటలో ఇల్లు కూలగొట్టారు, సామానంతా ఒకే లెక్కన ఎత్తుకొచ్చాం అని.

ఇంకో దారి స్టీలు సామానులవాళ్ళది. పాత బట్టలకు గిన్నెలిచ్చే ఈ వ్యాపారం మన వీధుల్లో చివర కనిపించే తోక మాత్రమే. ఉత్తరాదిలో వాఘ్రీ కులంవాళ్ళు తరతరాలుగా చేస్తున్నారు. ఢిల్లీలోని రఘుబీర్ నగర్‌లో వీళ్ళు తెచ్చిన బట్టలకు పెద్ద సంతే ఉంది. ఇంటింటికీ తిరిగి తెచ్చిన మూటలు అక్కడ విప్పుతారు, కట్టుకోదగినవి ఒక వైపు, తుడుపుగుడ్డలకు ఒక వైపు, పట్టుచీరలు మరో వైపు పోతాయి. ఆ చీరలే దిండుగలీబులుగా, లంగాలుగా మారి పర్యాటకుల సంతల్లో తేలుతాయి. ఒక స్టీలు గిన్నెకు మారిన చీర విదేశీ దుకాణం చేరేసరికి ఎన్ని చేతులు మారిందో, ఏ చేతికి ఎంత ముట్టిందో లెక్క తీస్తే, "పర్యావరణ హితం" అని అట్టముక్క కట్టి అమ్మేవాళ్ళకు కాస్త ఇబ్బందిగా ఉంటుంది.

ఇక నా బల్ల దగ్గరికి వద్దాం. ఒక గద్వాల చీర ఉదాహరణగా చెబుతాను. ఒడలు ఆవపిండి రంగు నూలు, అంచులూ కొంగూ కుంకుమరంగు పట్టు. మడతలో చూస్తే కొత్తదానిలా ఉంది. విప్పి కిటికీకి అడ్డంగా పట్టుకున్నప్పుడు దాని సంగతి తెలిసింది. ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉన్న చోటల్లా వెలుతురు గీతలు గీతలుగా దూసుకొచ్చింది. పడుగు ఉంది, పేక తెగిపోయింది. మోకాలి దగ్గర గుడ్డ దోమతెరంత పలచబడింది. భుజం దగ్గర కుచ్చిళ్ళు పట్టిన పిన్నీసు తుప్పు మరక, దాని చుట్టూ చిన్న చిల్లు. కొంగు చివర ఒక మూల మాత్రం నలిగి గట్టిపడి ఉంది. చీర కట్టుకున్నావిడ అక్కడ చిల్లరో తాళంచెవో ముడివేసుకునే అలవాటు ఉన్నావిడ. ఇంత జరిగినా అంచు చెక్కుచెదరలేదు. గద్వాలలో నూలు ఒడలూ పట్టు అంచూ కలిసేచోట రెండు పోగులూ ఒకదానిలో ఒకటి మెలిక పడి ఉంటాయి, దాన్నే కుప్పడం అంటారు. ఒడలు నీరసించిపోయినా ఆ మెలిక పట్టు వదలదు.

అందువల్ల కోత సరిగ్గా ఆ మెలిక మీద పడకూడదు. పడితే అంచు పోగులు పోగులుగా విడిపోతుంది. వేలెడు వెడల్పున ఒడలి గుడ్డను అంచుకే వదిలి కోయాలి, ఆ వేలెడు గుడ్డను లోపలికి మడిచి అణచాలి. ఆ తర్వాత అస్తరు. ఈ కాలపు దర్జీలు, బొటిక్‌లవాళ్ళు వేడి ఇస్త్రీతో అతుక్కునే ఫ్యూజింగ్ గుడ్డ వేసేస్తారు. నిమిషంలో పని అయిపోతుంది, గుడ్డ అట్టలా నిలబడుతుంది. నాకు అది నచ్చదు. ఆ జిగురు ఒకసారి పట్టులోకి దిగితే మళ్ళీ రాదు. రేపు ఇంకెవరైనా ఆ అంచును విప్పి వేరే పనికి వాడుకోవాలన్నా వీలుండదు. పలచటి మల్లు గుడ్డ వేసి, చేత్తో వదులుగా టాకాలు వేసుకుంటాను. మిషను మీద కుట్టక తప్పని చోట తొమ్మిదో నంబరు సూది, పొడుగు కుట్టు. పాత పట్టు మీద దగ్గర దగ్గరగా చిన్న కుట్లు వేస్తే ఆ గీత వెంబడి గుడ్డ తపాలాబిళ్ళ అంచులా చక్కగా చిరిగి వస్తుంది. జరీ నల్లబడితే దాన్ని మెరిపించే పొడులు, చింతపండు, పళ్ళపొడి వంటి ఇంటి చిట్కాల జోలికి పోవద్దు. ఆ నలుపు వెండికి గాలిలోని గంధకం తగిలి వచ్చింది. దాన్ని రుద్దితే నలుపుతో పాటు బంగారు పూత కూడా పోతుంది, ఆ పూత ఉన్నదే అంతంతమాత్రం.

ముడివేసిన ఆ కొంగు మూలను ఏం చేశానని అడుగుతారేమో. సంచి లోపలి జేబుకు పెట్టాను, ఇస్త్రీ చేయకుండా.

గుడ్డను కోసి వాడుకోవడం ఈనాటి పోకడ అనుకునేవాళ్ళకు కొన్ని పాత సంగతులు. 17, 18 శతాబ్దాల్లో మన అద్దకం గుడ్డలు డచ్చి కంపెనీ ఓడల మీద నాగసాకి రేవుకు చేరేవి. జపాన్‌లో వాటిని సరస అన్నారు. తేనీటి వేడుకలు చేసే పెద్దలు ఆ గుడ్డను అరచేతంత ముక్కలు చేసి, తేయాకు పొడి ఉంచే చిన్న భరిణెలకు సంచులు కుట్టించుకునేవారు. హికోనె ప్రభువుల ఇంట పోగైన సుమారు 450 సరస ముక్కలు ఇప్పుడు టోక్యో జాతీయ మ్యూజియంలో ఉన్నాయి. ఐరోపాలో ఛింట్జ్ అని పిలిచిన ఈ అద్దకం గుడ్డల్లోంచి పువ్వులను కత్తిరించి, మరో గుడ్డ మీద పరిచి కుట్టి దుప్పట్లు చేసుకునే పనికి బ్రోడరీ పెర్స్ అని పేరే పడింది. ఫ్రాన్స్ 1686లో, ఇంగ్లండ్ 1700, 1721 చట్టాలతో ఈ గుడ్డలను నిషేధించేదాకా వెళ్ళాయంటే వాటి మీద మోజు ఎంతదో చూడండి. ఈజిప్టులో పాత కైరో దగ్గర ఫుస్తాత్ తవ్వకాల్లో దొరికిన భారతీయ అద్దకం ముక్కల కథ మరీ విచిత్రం. అవి ఎక్కువగా గుజరాత్ సరుకు, కొన్నిటి వయసు వెయ్యేళ్ళ వరకు ఉంటుంది. ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలోనే దాదాపు 1200 ముక్కలున్నాయి. వాటిలో కొన్నిటి మీద పాత కుట్లు ఇంకా ఉన్నాయి. ఒకటిగా ఉన్నదాన్ని విప్పి మరొకటిగా కుట్టుకున్నారు, అదీ అరిగిపోయాక పారేశారు. ఎడారి పొడిగాలి వాటిని మనకు మిగిల్చింది.

ఆ ముక్కలను ఈ రోజు చరిత్రకారులు భూతద్దాలు పెట్టి చూస్తున్నారు. జపాన్ ముక్కలనైతే ఎవరో కోసినందువల్లే, కోసి వాడుకోదగినంత ముద్దుగా చూసుకున్నందువల్లే అవి ఇంతదూరం వచ్చాయన్నది నిజం. ఈ ఉదాహరణను మా పనివాళ్ళు తరచు వాడుకుంటారు. అయితే అందులో వాళ్ళు దాటవేసేది ఒకటి ఉంది. జపాన్ పెద్దలు ముక్కలు చేస్తున్న కాలంలో మచిలీపట్నం రేవు నుంచి కొత్త గుడ్డలు వస్తూనే ఉన్నాయి. వేసిన చేతులు బతికే ఉన్నాయి, అచ్చులు అరగలేదు. ఇప్పుడు నా ముందున్న నూరేళ్ళ నాటి కలంకారీ తెరను కోస్తే అలాంటిది మళ్ళీ వేసేవాళ్ళెవరు? కోసే హక్కు గుడ్డ అరుగుదల నుంచి కొంత వస్తుంది, అలాంటిది ఇంకా తయారవుతోందా అన్నదాని నుంచి కొంత వస్తుంది. రెండూ లేనప్పుడు కత్తెర పక్కన పెట్టాలి.

పాత కలంకారీనే తీసుకోండి. గుడ్డను కరక్కాయ, గేదెపాలలో నానబెట్టి, ఇనుపముక్కలూ బెల్లమూ కలిపి పులియబెట్టిన ద్రావణంతో నల్లగీతలు వేస్తారు. కరక్కాయలోని వగరూ ఇనుమూ కలిసి నలుపవుతుంది. చూడడానికి అందమైన ఆ నలుపే దశాబ్దాల తర్వాత నూలును తినేస్తుంది. పాత తెరల్లో ఎరుపూ తెలుపూ నిలిచి ఉండగా, బొమ్మల కనుబొమలు, గుర్రాల కళ్ళేలు, రథాల గీతలు ఉన్న చోట సన్నటి చీలికలు కనిపిస్తాయి. అలాంటి గుడ్డను సంచి కుట్టడమంటే దాని చావును ముందుకు జరపడమే. సంచి మోయాలి, లాగాలి, ఎండలో తిరగాలి. నల్లగీతలు మొదటి ఏడాదే పగులుతాయి. కలంకారీ సంచి కావాలంటే శ్రీకాళహస్తిలో కలంతో వేసేవాళ్ళున్నారు, పెడనలో అచ్చులతో అద్దేవాళ్ళున్నారు. కొత్త గుడ్డ కొనుక్కోండి, వాళ్ళకు పని దొరుకుతుంది.

తేలియా రుమాలు సంగతీ అంతే. నూనె, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్ళలో నూలును మళ్ళీ మళ్ళీ నానబెట్టి, పడుగునూ పేకనూ రెంటినీ ముందే కట్టి అద్ది నేసిన చదరపు గుడ్డ అది. చీరాల ప్రాంతం నుంచి అరబ్బు దేశాలకు తలగుడ్డలుగా వెళ్ళింది, మన తీరంలో జాలర్లు మొలకు చుట్టుకున్నారు, నిజాం జనానాలో దుపట్టాగా మారింది. పాత రుమాలును ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆ నూనె వాసన ఇప్పటికీ తగులుతుంది. పుట్టపాక నేతగాళ్ళు ఈ పనిని నిలబెట్టారు, 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా పాతది పాతదే. నాలుగు అంచులూ ఉన్న రుమాలు చేతికొస్తే నేను కోయను. చిరుగు ఉంటే రఫూ చేయిస్తాను. రఫూ చేసేవాళ్ళు చిరుగు చుట్టూ ఉన్న గుడ్డలోంచే పోగులు లాగి, సూదితో మళ్ళీ నేసినట్టు కలుపుతారు. వాళ్ళు అడిగే కూలి ఎక్కువని నసిగేవాళ్ళు, అదే చిరుగు మీద అద్దాలూ పూసలూ కుట్టి "కొత్త రూపం" ఇవ్వడానికి మాత్రం వెనుకాడరు.

ఇప్పుడు నాకు కోపం తెప్పించే సంగతి. లంబాడీ కుట్టుపని.

పాత పేటియా (లంగా), కాంచళి (రవిక), టుక్రి (తలముసుగు) మీది పనిని గమనించండి. అద్దాల చుట్టూ వేసిన కుట్టు, గవ్వల వరస, గొలుసుకుట్టుతో నింపిన చదరాలు. తల్లి కూతురికి నేర్పిన పని, ఏళ్ళపాటు తీరిక వేళల్లో పోగైన పని. వీటిని నలుచదరంగా కోసి, పక్కపక్కన అతికి, "బోహో" సంచులుగా, గోడ తెరలుగా, చెప్పుల మీద అలంకారంగా అమ్ముతున్నారు. గోవాలో అంజునా బుధవారం సంత నుంచి పెద్ద నగరాల హస్తకళా ప్రదర్శనల దాకా ఎక్కడైనా కనిపిస్తాయి. కొన్ని ముక్కల మీద నాణేలు ఊడదీసిన గుండ్రటి గుర్తులుంటాయి. నాణెం విడిగా అమ్ముడుపోయింది, గుడ్డ విడిగా అమ్ముడుపోయింది.

పట్టుచీర విషయంలో నేను చేసిన వాదన ఇక్కడ పనికిరాదు. కాంచళిని కాల్చి వెండి తీసేవాళ్ళు లేరు. కొలిమి భయం లేదు. తండాలో పెట్టెలో ఉన్న దుస్తును బయటికి లాగింది బజారు ఆకలే. ఇంట్లో అవసరం పడ్డ రోజున కొద్ది డబ్బుకు చేతులు మారింది. తర్వాత దానికి వచ్చే ధర ఆ ఇంటికి చేరదు. "ఇప్పటి లంబాడీ ఆడవాళ్ళు ఇవి కట్టుకోవడం లేదు కదా" అని నాతో వాదించినవాళ్ళున్నారు. నిజమే, చాలామంది రోజూ కట్టుకోవడం లేదు. మనమూ రోజూ పట్టుచీర కట్టుకోవడం లేదు. అంతమాత్రాన మన పెట్టెలు ఖాళీ చేసి ఇవ్వమా?

ఇంకో వాదన ఉంది, దీనికి బలం ఎక్కువ. లంబాడీ స్త్రీలే పాత దుస్తుల్లోని మంచి ముక్కను విప్పి కొత్తదాని మీద కుట్టుకుంటారు కదా, మరి మనం చేస్తే తప్పేమిటి? మన ఇళ్ళలోని బొంతను చూస్తే జవాబు దొరుకుతుంది. అరిగిన నూలుచీరలు పొరలు పొరలుగా పరిచి, ముతక దారంతో బారుగా కుట్లు వేసిన బొంత మీద పడుకోని తెలుగు పిల్లలు ఒకప్పుడు అరుదు. ఆ చీరలు కట్టుకున్నది ఆ ఇంటివాళ్ళే, అరగదీసింది వాళ్ళే, వాటిని బొంత చేయాలని తేల్చింది వాళ్ళే. కొంతమంది పేరు పొందిన డిజైనర్లు బొంతను తమ పనికి పెద్దమ్మగా చెప్పుకుంటున్నారు. చెప్పుకోవచ్చు, కానీ బంధుత్వం పూర్తిగా కలవాలంటే ఆ తేల్చుకునే హక్కు ఎవరిదన్నది కూడా చూడాలి. టుక్రిని విప్పి మనవరాలి టుక్రిలో కలిపిన అవ్వ కుట్టుపనిని ముందుకు తీసుకెళ్తోంది. అదే టుక్రిని కొని ల్యాప్‌టాప్ సంచి చేసినవాళ్ళు దాన్ని ముగిస్తున్నారు.

అద్దాల పని మీద ఇష్టముంటే చేయగలిగింది చాలా ఉంది. కర్ణాటకలోని సండూరులో లంబాణీ స్త్రీలు కుశల కళా కేంద్రంలో కొత్త గుడ్డ మీద పాత కుట్లు కుడుతున్నారు. ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. 2023 జులైలో హంపిలో జి20 సమావేశాలు జరిగినప్పుడు అక్కడ 450 మందికి పైగా స్త్రీలు కుట్టిన 1755 వస్తువులను ప్రదర్శించి గిన్నిస్ రికార్డు సాధించారు. రికార్డుల మీద నాకు పెద్ద గౌరవం లేదు గానీ, అన్ని చేతులు ఇంకా ఆ కుట్లు వేస్తున్నాయన్న సంగతికి మాత్రం గౌరవం ఉంది. ఆ చేతులకు డబ్బు చేరే దారి ఉండగా పాత కాంచళిని కోయడం ఏ లెక్కన రక్షణ అవుతుంది?

"యాంటిక్" అనే ముద్ర గురించి కూడా రెండు ముక్కలు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన కళాకృతులూ చేతిపనులూ పురావస్తువుల కిందికి వస్తాయి. ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించకూడదు. ఇంటర్నెట్‌లో అమ్మేవాళ్ళు మాత్రం "నూరేళ్ళ నాటి యాంటిక్ చీర, ప్రపంచమంతటా పంపుతాం" అని ఒకే వాక్యంలో రాసేస్తారు. మొదటి సగం అబద్ధమై ఉండాలి, లేదా రెండో సగం నేరమై ఉండాలి. నా అనుభవంలో మొదటిదే. ముప్ఫై ఏళ్ళ నాటి మంచి చీరను ముప్ఫై ఏళ్ళ నాటిదని అమ్మడానికి సిగ్గెందుకో నాకు అర్థం కాదు. నిజంగా పాతవి ఎలా ఉంటాయో తెలియాలంటే హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది, జగదీశ్, కమలా మిత్తల్ మ్యూజియంలో దక్కన్ వస్త్రాలున్నాయి. అహ్మదాబాద్ వెళ్ళగలిగితే 1949లో మొదలైన కాలికో మ్యూజియం ఉంది. కొనేముందు కన్నుకు కాస్త అలవాటు చేస్తే బజారులో ఎవరూ అంత తేలిగ్గా టోపీ పెట్టలేరు.

ధర మాట. "పాత చీరేగా, ఇంత ధర ఏమిటి?" అని అడుగుతారు. గుడ్డ చవకగా దొరికినంత మాత్రాన పని చవక కాదు. కొత్త గుడ్డ మీద నమూనా పెట్టి ఇరవై సంచులు ఒక్కసారి కోయవచ్చు. పాత గుడ్డ మీద ప్రతి ముక్కకూ మరక ఎక్కడుందో, చిరుగు ఎక్కడుందో, బుటా ఎక్కడ తెగుతుందో చూసుకుని విడిగా కోయాలి. నాతో పనిచేసే దర్జీకి సంచికింత అని కాకుండా రోజుకూలి ఇవ్వడం అందుకే. సంచికింత అంటే ఆయన తొందరపడతాడు, తొందరపడితే పట్టు చిరుగుతుంది. ఈ లెక్క వివరించాక కొందరు కొంటారు, కొందరు ఇదే నమూనా చైనా సరుకులో దొరుకుతుందని వెళ్ళిపోతారు. దొరుకుతుంది, నిజమే.

ఈమధ్య వస్తున్న పనిలో ఎక్కువ భాగం సంతల నుంచి కాదు, ఇళ్ళ నుంచి. అమ్మ పోయింది, బీరువా నిండా చీరలు, కూతురు డాలస్‌లోనో సిడ్నీలోనో ఉంటుంది. సెలవులకు వచ్చిన రెండు వారాల్లో ఇల్లు ఖాళీ చేయాలి. అన్నీ తీసుకెళ్ళలేదు, పనిమనిషికి ఇవ్వడానికి మనసు రాదు, బోర్డు పెట్టిన దుకాణంలో తూకం వేయించడానికి అంతకంటే మనసు రాదు. "వీటన్నిటితో ఒక బొంత కుట్టి ఇవ్వండి" అని ఫోను చేస్తారు. నేను ముందు అడిగేది ఫొటోలు కాదు. కిటికీకి అడ్డంగా పట్టుకుని చూడమంటాను. వెలుతురు గీతలు రాని చీరలు అలాగే ఉంచమంటాను, లేదా కట్టుకునేవాళ్ళకు ఇవ్వమంటాను. పెళ్ళిచీరను గౌను చేయమని అడిగితే, ఒకసారి కట్టుకుని చూశాక మాట్లాడదామని చెబుతాను. సగం మంది మళ్ళీ ఫోను చేయరు, నాకు ఆ పని పోయినా బాధ లేదు.

గీతలు గీతలైన చీరలు మాత్రం పంపమంటాను. నాకు పంపకపోయినా, తూకానికి ఇవ్వక తప్పని పరిస్థితి ఉన్నా, ఒక పని చేయండి. ముందు కొంగు కోసి ఉంచుకోండి. మూరెడు చాలు. ఎవరు కట్టుకున్నారో, ఏ ఊరి నేతో, ఏ పెళ్ళికి కొన్నారో తెలిసినంతవరకు ఒక కాగితం మీద రాసి, ఉతికిన తెల్లని నూలుగుడ్డలో చుట్టిపెట్టండి. ప్లాస్టిక్ కవరు వద్దు, కలరా ఉండలు అసలే వద్దు. కొంగు లేని చీర చూసి జరీ బరువు తగ్గిందని వ్యాపారి సణుగుతాడు. సణగనివ్వండి.